మర్యాదకు వద్దన్న సాయంత్రం

2006వ సంవత్సరం నవంబరు పదిహేడో తేదీ, శుక్రవారం, సాయంత్రం ఆరున్నర గంటలకు నేను పుదుచ్చేరిలో పెద్ద కాలువకు అవతల, ఫ్రెంచి వీధుల్లోని ఒక వైన్ బారు గుమ్మం ముందు నిలబడి, చెప్పులు విడవాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. తేదీ ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం ఉంది. క్రిస్మసుకు అందవలసిన మా ఆఖరి సరుకు ఆ మధ్యాహ్నమే లారీ ఎక్కి చెన్నై రేవుకు బయలుదేరింది. గంట గుర్తుండడానికి కారణం వేరు. నన్ను ఆరున్నరకు రమ్మన్నారు. నేను ఆరింటికే వచ్చి, వీధి చివర ఒక ఇంటి చూరు కింద వానకు తలదాచుకుని, ఆరున్నర అయ్యేదాకా చేతిగడియారం చూసుకుంటూ గడిపాను.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి రెండేళ్ళు దాటింది. దుప్పట్లు, దిండు గలీబులు, భోజనాల బల్ల మీద పరిచే గుడ్డలు కుట్టించి ఫ్రాన్సులోని దుకాణాలకు పంపే ఒక చిన్న సంస్థ అది. యజమానురాలు ఫ్రెంచి ఆవిడ. అందరం ఆమెను మదాం అనేవాళ్ళం. కుట్టుపని మా ముదలియార్‌పేటలోనే, మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక రేకుల షెడ్డులో జరిగేది. ఆఫీసు మాత్రం మదాం అద్దెకున్న ఇంటి మేడమీది గది. ఉత్తరప్రత్యుత్తరాలు, ఓడ కాగితాలు నా పని. షెడ్డులో గుడ్డ కత్తిరింపు, కుట్టే ఆడవాళ్ళ అజమాయిషీ ఏంబలం నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అక్కది. ఆవిడ నాకు బంధువు కాదు. మా ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగే మాట్లాడతారు గనుక, నాకంటే పదిహేనేళ్ళు పెద్దది గనుక, చేరిన మొదటిరోజే ఆవిడ అక్క అయింది, నేను తమ్ముణ్ణయ్యాను.

మదాం తల్లికి ఒంట్లో బాగాలేదనీ, జనవరిలో ఆమె ఫ్రాన్సు వెళ్ళిపోతున్నదనీ మా ఇద్దరికీ తెలుసు. సంస్థను మూసేస్తుందా, ఎవరికైనా అప్పగిస్తుందా, నన్ను ఉంచుతుందా అన్నవి మాత్రం తెలియవు. మా నాన్న పనిచేసే బట్టల మిల్లు ఆ రోజుల్లో తెరిచి ఉన్న దినాలకంటే మూతబడి ఉన్న దినాలే ఎక్కువ. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. నెలనెలా తప్పకుండా వచ్చే జీతం కూడా నాదొక్కటే. అందుచేత, సరుకు వెళ్ళిన తరువాత మనం ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం అని మదాం మమ్మల్ని ఆ బారుకు పిలిచినప్పుడు, నా ఉద్యోగం సంగతి ఆ సాయంత్రం తేలిపోతుందని నాకు అర్థమైంది. ఆ సాయంత్రం నాకు అర్థమైన విషయాలలో చిట్టచివరిది బహుశా అదే.

బయలుదేరేముందు ఇంట్లో బారు అనే మాట నేను నోట రానివ్వలేదు. మా పేటలో బారు అంటే ఊగే సగం తలుపు, తడి నేల, బయట గోడకానుకుని నిద్రపోయే మనుషులు. అమ్మ నా ఇస్త్రీ చొక్కా చూసి వాకిట్లోనే ఆపింది.

“ఏంది, ఇంత తెల్ల చొక్కా ఏసినావు? యాడికి?”

“మదాం భోజనానికి పిల్సింది మా.”

“ఇంటికా?”

“కాదు. హోటలుకు.”

మంచం మీద పడుకున్న నాన్న కళ్ళు తెరవకుండానే అందుకున్నాడు. “ఆ వీధుల్లో ఇడ్లీ హోటలు యాడుండాది? గ్లాసు హోటలే గదా.”

“ఈయన నోరు మూసుకోని సుమ్మా ఉండడు,” అని అమ్మ నా కాలరు సవరించింది. “నువ్వు ఇను. వాళ్ళు ఏం పెట్టినా ఎగబడి తినబాక. పెట్టంగానే చెయ్యి చాపితే ఎప్పుడూ తిననోళ్ళ మాదిరి ఉంటాది. రెండుమాట్లు వద్దను. మూడోమాటు అడిగితే కొంచెం తీసుకో.”

“మూడోమాటు అడక్కపోతే?” అన్నాడు నాన్న.

“ఎందుకడగరు? పిల్సినోళ్ళు అడక్కుండా ఎట్లుంటారు?”

అడగని మనుషులను మేమెవరమూ అప్పటికి చూడలేదు. మా వాళ్ళ పెళ్ళి పంక్తిలో కూర్చున్నవాడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం, వడ్డించేవాడు ఆ వేళ్ళ సందుల్లోంచే పాయసం పొయ్యడం ఉభయుల ధర్మం. వద్దన్నవాడి మాట నిజమని నమ్మి ముందుకు సాగిపోయిన వడ్డనదారు అతిథిని అవమానించినట్టే లెక్క. మా మేనత్త భర్త ఒకాయన ఒక గృహప్రవేశంలో వడ వద్దన్నాడు. రెండోసారి ఎవరూ అడగలేదు. ఆయన ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు. ఎందుకు రావడం లేదని అడిగితే మాత్రం మోకాలినొప్పి అంటాడు.

ఇంతటి శిక్షణతో నేను ఆ గుమ్మం ముందు నిలబడ్డాను. లోపల నేల ఎర్రగా, అద్దంలా మెరుస్తున్నది. అంత శుభ్రమైన నేల మీద చెప్పులతో నడవడం నాకు చేతకాలేదు. ఒక చెప్పు విడిచాను. ఇంతలో తలుపు తెరిచిన వడ్డనాయన తమిళంలో మెల్లగా, “అలాగే రండి సార్,” అన్నాడు. విడిచిన చెప్పును మళ్ళీ తొడుక్కుని లోపలికి వెళ్ళాను. గది చీకటిగా ఉంది. బల్లకొక కొవ్వొత్తి వెలుగుతున్నది. కరెంటు పోయిందనుకున్నాను. జనరేటరు లేదా అని ఆయన్ని అడగబోయి, మూలన సన్నగా పాట వినిపించడంతో, పంకా తిరుగుతూ ఉండడంతో ఆగిపోయాను. కరెంటు ఉండగా దీపాలు ఆర్పుకుని కూర్చోవడానికి కారణమేమిటో ఎంత ఆలోచించినా తోచలేదు.

గోడల సంగతీ అంతే. అది పాత ఇల్లు. ఒక గోడ పొడుగునా సున్నం ఊడిపోయి ఇటుకలు బయటికి కనబడుతున్నాయి. మా వీధిలో అలాంటి గోడ ఉన్న ఇంటికి పిల్లనివ్వరు. ఇక్కడ ఆ ఇటుకల మీదికి ప్రత్యేకంగా ఒక చిన్న దీపం తిప్పి పెట్టారు. ఇంకో గోడ నిండా చెక్క అరల్లో సీసాలు పడుకోబెట్టి ఉన్నాయి. వంటకాల పట్టికను బడిలో లాగా పలక మీద సుద్దముక్కతో రాసి గోడకు వేలాడదీశారు. బల్లలు ఆరో ఏడో ఉంటాయి. ఒక బల్ల దగ్గర ఇద్దరు ముసలి ఫ్రెంచివాళ్ళు, ఇంకో బల్ల దగ్గర ఫ్రెంచి సైన్యంలో చేసి వచ్చిన మన తమిళ పెద్దమనిషి ఒకాయన కూర్చుని ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. ఆసుపత్రి వరండాలో తప్ప మనుషులు అంత మెల్లగా మాట్లాడుకోవడం నేను వినలేదు.

మదాం కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఉంది. అక్క నాకంటే ముందే వచ్చేసింది. ఆకుపచ్చ పట్టుచీర కట్టి, కనకాంబరాలు పెట్టి, తడిసిన గొడుగును కుర్చీ కింద దాచి, ఫొటోకు కూర్చున్నట్టు బిగుసుకుని ఉంది. నేను పక్కన కూర్చోగానే పెదవులు కదపకుండా అడిగింది.

“కరెంటు లేదా తమ్ముడూ?”

“ఉండాదక్కా. వాళ్ళే ఆర్పినారు.”

“ఏమిటికి?”

“తెలీదు.”

“బీకాం చదివినావు గదా,” అని ఆవిడ ముందుకు తిరిగి మదాం వైపు చిరునవ్వు నవ్వింది.

మా ముగ్గురి మాటలూ ఇంగ్లీషులోనే సాగాయి. అక్క ఇంగ్లీషు పదో తరగతి వరకు చదివినదే అయినా, తడబాటు లేకుండా ఉన్న మాటలతోనే పని జరుపుకునేది. నా ఇంగ్లీషులో మాటలు ఎక్కువ. ఒక వాక్యం మొదలుపెడితే దాన్ని మర్యాదగా ముగించడానికి చాలా దూరం ప్రయాణం చేసేవాణ్ణి. ఆ మాటలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

వడ్డనాయన ఒక సీసా తెచ్చి మదాంకు చూపించాడు. ఆమె తల ఊపింది. ఆయన మూత లాగి, కుండంత పొట్ట ఉన్న ఒక గాజు గ్లాసులో అడుగున అంటీ అంటనట్టు పోసి ఆగిపోయాడు. అంత పెద్ద గ్లాసులో అంత తక్కువ పొయ్యడం చూసి, సీసాలో ఇంకేమీ లేదేమోనని నాకు మదాం పట్ల జాలి కలిగింది. ఆమె ఆ గ్లాసును తిప్పింది, వాసన చూసింది, ఒక గుక్క నోట్లో ఉంచుకుని ఆలోచించింది, తల ఊపింది. అప్పుడాయన అదే గ్లాసులో మళ్ళీ పోశాడు. ఇతరులకు పెట్టేముందు రుచి చూడడం మా ఇంట్లో జరగదు. ఎంగిలి అవుతుందని అమ్మ ఉప్పు కూడా వాసన పట్టే చూస్తుంది. అయితే ఇక్కడ రుచి చూసినందువల్లనే సీసాకు గౌరవం వచ్చినట్టుంది.

“మీకు?” అని మదాం నన్నడిగింది.

“వద్దు మదాం.”

“సరే. నిమ్మరసం చెప్పనా?”

ఇది నిజమైన వద్దు. నేను తాగను. ఆమె బలవంతపెట్టకపోవడం నాకు ఎంతో నచ్చింది. మా పేటలో ఎవరైనా పోయిస్తానంటే వద్దని తప్పించుకోవడానికి అరగంట పడుతుంది, స్నేహం కూడా కొంత ఖర్చవుతుంది. ఎంత సంస్కారవంతులు వీళ్ళు అనుకున్నాను. అక్క కూడా వద్దన్నది. ఇద్దరికీ నిమ్మరసం వచ్చింది. అక్క తన గ్లాసును అలవాటు ప్రకారం పెదవులకు తగలకుండా పైకెత్తి పోసుకోబోయి, గ్లాసు బుంగలాగా ఉండడంతో అది సాధ్యం కాదని గ్రహించి, దించి బల్ల మీద పెట్టి చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు.

తరువాత ఒక చెక్క పలక వచ్చింది. దాని మీద నాలుగు రకాల చీజు ముక్కలు, ద్రాక్షపళ్ళు, పక్కన బుట్టలో గుడ్డ కప్పిన రొట్టె. సరుకు పంపే హడావుడిలో నేను మధ్యాహ్నం భోజనం చెయ్యలేదు. మదాం పలకను నా వైపు జరిపింది.

“తీసుకోండి.”

“ఉండనివ్వండి మదాం, పర్వాలేదు.”

ఆమె పలకను అక్క వైపు జరిపింది. అక్క కూడా, “నో, నో మదాం,” అన్నది. మదాం పలకను తన ముందుకు లాక్కుని, రొట్టె తుంచి, తాపీగా తినడం మొదలుపెట్టింది. నేను ఎదురుచూశాను. అక్క ఎదురుచూసింది. మదాం తన తల్లి ఇంటి పెరటి గురించి చెబుతూ రెండో ముక్క తీసుకుంది. తరువాత మూడోది. కాసేపటికి వడ్డనాయన వచ్చి, మా వైపు ఒకసారి చూసి, మిగిలిన పలకను బుట్టతో సహా తీసుకుపోయాడు.

“రొట్టె పాయె,” అన్నది అక్క తెలుగులో, చిరునవ్వు చెదరకుండా.

“ఇంకోటి వస్తాదేమోలే.”

“ఏమీ రాదు. ఆమె రెండోమాటు అడగలా, చూసినావా?”

చూశాను. చూశానే గాని, దాని అర్థమేమిటో తేల్చుకోలేకపోయాను. మా మీద కోపమా? మేమేదైనా తప్పుగా ప్రవర్తించామా? లేక, పని నుంచి తీసివేయబోయే మనుషులకు రొట్టె పెట్టి ఏం లాభమని అనుకుందా? అక్కడినుంచి ఆమె ప్రతి మాటనూ నేను అనుమానంతో విన్నాను. తల్లి ఇంటి పెరట్లో రెండు ముసలి చెట్లను కొట్టించాలి అన్నది. నేను వెంటనే ఆ రెండు చెట్లూ అక్కా నేనూ అనుకున్నాను. ఇల్లు పెద్దది, ఒక్క మనిషి చూసుకోలేడు అన్నది. అంటే ఇద్దరినీ ఉంచుతుందనుకున్నాను. ఈ వాన నాకు జ్ఞాపకం వస్తుంది అన్నది. అంటే మూసేస్తున్నది. గంట గడిచింది. సంస్థ గురించి ఒక్క మాట లేదు. మన దగ్గర ఎవరైనా పని మీద పిలిస్తే మొదట పని మాట్లాడి, తరువాత కాఫీ ఇస్తారు. ఇక్కడ పని ఎప్పుడు మొదలవుతుందో, అసలు ఇది పనో విందో బోధపడక, నేను ఆఫీసులో లాగా నడుము నిటారుగా పెట్టి కూర్చున్నాను.

మదాం రెండో గ్లాసు ముగించి, చేతి గుడ్డతో పెదవులు అద్దుకుని, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా నా వైపు తిరిగింది.

“నేను సంస్థను మూయడం లేదు. సంవత్సరానికి రెండుసార్లు వస్తాను. మిగిలిన కాలమంతా ఇక్కడ అన్నీ చూసుకునే మనిషి కావాలి. ఆఫీసు, షెడ్డు, బ్యాంకు, అన్నీ. మేనేజరుగా మీరు చెయ్యాలని నా కోరిక. చేస్తారా?”

పట్టా పుచ్చుకున్ననాటి నుంచీ నేను కోరుకున్నది ఆ మాటే. నాన్న మిల్లులో మేనేజరు గది ముందు తలగుడ్డ తీసి నిలబడిన మనిషి. ఆ గదిలో కూర్చునే మనిషి మా ఇంట్లోంచి వస్తాడని మా వాళ్ళెవరూ కలలో కూడా అనుకోలేదు. ఇంత పెద్ద గౌరవానికి, అడగ్గానే సరేనని చెయ్యి చాపడమా? కనుక నేను నాకు తెలిసిన అత్యంత సంస్కారవంతమైన పద్ధతిలో జవాబిచ్చాను.

“అయ్యో, లేదు మదాం. నేను చాలా చిన్నవాణ్ణి. ఇంత పెద్ద బాధ్యతకు నాకు యోగ్యత చాలదు. షెడ్డు సంగతులన్నీ తెలిసిన అక్క ఉండగా నేను ఎలా? నాకు వద్దు మదాం, దయచేసి.”

ఇంకా ఒకటి రెండు వాక్యాలు కూడా అన్నాను. అవి చక్కగా కుదిరాయని అప్పుడు సంతోషించినట్టు కూడా గుర్తు. అనేసి తల వంచుకుని, లేదు, మీరే చెయ్యాలి అన్న మాట కోసం కాచుకున్నాను.

కాస్త తలెత్తి చూశాను. మదాం ముఖంలో ఆశాభంగం స్పష్టంగానే ఉంది. అది నన్ను బతిమాలడానికి ముందు వచ్చే విచారమనుకున్నాను.

“ఇంత నిజాయితీగా చెప్పినందుకు కృతజ్ఞతలు,” అన్నది. “చాలామంది చేతకాకపోయినా సరేనంటారు. మీ ఇప్పటి పని మీకు అలాగే ఉంటుంది, దాని గురించి దిగులుపడకండి.” తరువాత అక్క వైపు తిరిగింది. “మరి, మీరు చేస్తారా?”

అక్క నా వైపు తిరిగి తెలుగులో అడిగింది. అప్పటివరకు ఆవిడ ముఖం మీద ఉన్న ఫొటో చిరునవ్వు పోయింది.

“నీకు నిజంగానే వద్దా?”

ఆ సమయంలో నేను నిజం చెప్పి ఉండవచ్చు. కాని అడిగినది ఎవరు? నాకంటే పెద్దది, మా మాట మాట్లాడేది, మా పద్ధతులు తెలిసినది. ఆవిడ ఎదుట నాకే కావాలి అనడం మదాం ఎదుట అనడం కంటే ఇంకా మోటుగా ఉంటుందనిపించింది. పైగా ఇది రెండోసారే.

“నువ్వుండంగా నేనేందక్కా,” అన్నాను.

అక్క ముందుకు తిరిగింది. “ఎస్ మదాం,” అన్నది. “ఐ విల్ డూ.”

మదాం ముఖం వికసించింది. ఆమె గ్లాసు పైకెత్తింది. అక్క, అంతవరకు ముట్టని తన నిమ్మరసాన్ని ఎత్తి ఆ గ్లాసుకు తాకించి, పెదవులు ఆనించి తాగింది. నేనూ నా గ్లాసు ఎత్తాను. దేనికి ఎత్తానో ఆ క్షణంలో నాకు తెలియదు. వ్యవహారం ముగిసిందా, ఇంకా సాగుతున్నదా? అక్క మర్యాదకు ఒప్పుకుని, ఇప్పుడు, లేదు మదాం, తమ్ముడే చెయ్యాలి అంటుందా? మదాం మళ్ళీ నా వైపు తిరుగుతుందా? ఇలా ఆలోచిస్తూ మిగిలిన అరగంట కూర్చున్నాను. వాళ్ళిద్దరూ షెడ్డు పైకప్పు గురించి, కొత్త కుట్టు మిషన్ల గురించి మాట్లాడుకున్నారు. కప్పు కారే చోట్లు ఎక్కడెక్కడో అక్క వేళ్ళతో బల్ల మీద గీసి చూపించింది. చివర్లో తీపి ఏదో వచ్చింది. ఈసారి అక్క అడగ్గానే తీసుకుంది. నన్ను అడిగినప్పుడు నేను ఏమన్నానో గుర్తులేదు. నా ముందు పళ్ళెం లేదన్నది మాత్రం గుర్తుంది.

ఎనిమిది గంటలకు బయటికి వచ్చాం. వాన వెలిసింది. మదాం ఇద్దరి చేతులూ పట్టుకుని ఊపి, సముద్రం వైపు నడిచి వెళ్ళిపోయింది. అక్క ఏంబలం బస్సు ఎక్కాలి. బస్సు ఆగే చోటుదాకా తోడు వెళ్ళడం నాకు అలవాటు గనుక, ఆ రోజూ ఆవిడ పక్కన నడిచాను. కాలువ వంతెన దాటాక నేనే నోరు విప్పాను.

“అక్కా, నేను మర్యాదకు అన్నా.”

“తెల్సు.”

“తెల్సునా?”

“తెలీకుండా ఏంది? మీ ఇంట్లో ఒక మాదిరి, మా ఇంట్లో ఒక మాదిరి వద్దంటారా? నేను రొట్టె వద్దన్నది ఏమిటికి, ఆకలి లేకనా?”

“తెల్సీ ఎట్లా సరేనన్నావు?”

ఆవిడ గొడుగును చేతిలోంచి చేతికి మార్చుకుంది. “నిన్ను అడిగినానా లేదా?”

“అడిగినావు. ఒక్కమాటే అడిగినావు.”

“ఇంకోమాటు అడిగుంటే నువ్వు సరేననేవాడివి. అందుకే అడగలా.”

ఇంత సూటిగా ఎవరైనా నాతో మాట్లాడడం అదే మొదలు. కోపం రావాలని తెలుసు. అది వస్తున్నదా అని లోపల వెతుక్కున్నాను. ఆవిడ మోసం చేసిందనడానికి లేదు, అడిగింది. న్యాయం చేసిందనడానికీ లేదు, నా జవాబు అబద్ధమని తెలిసే అడిగింది. మదాం తప్పు లేదు, వద్దన్న మాటను వద్దనే అర్థం చేసుకుంది. అమ్మ తప్పు అంతకంటే లేదు. ఎవరి మీదా నిలవని కోపాన్ని మోసుకుంటూ ఆ రోడ్డు మీద నడవడం చాలా ఇబ్బందిగా ఉండింది.

బస్సు ఆగే చోట ఒక మూసిన కొట్టు మెట్టు మీద ఆవిడ కూర్చుంది. నేను నిలబడ్డాను.

“చూడు తమ్ముడూ,” అన్నది. ఈసారి గొంతు మెత్తబడింది. “మా మామగారింట్లో పొలం అమ్మినప్పుడు నన్నెవురూ అడగలా. బోరు ఏసినప్పుడు అడగలా. నా కూతుర్ని ఏ బడిలో ఏసేదో కూడా అడగలా. నీకు చదువుండాది, వయసుండాది, నిన్ను ఇంకా చానామంది అడుగుతారు. నన్ను ఒకరు ముందర కూర్చోబెట్టి, చేస్తావా అని అడిగింది ఇయ్యాళే. దాన్ని గూడా మర్యాదకు వద్దని పోగొట్టుకునేదా?”

“రేపు మదాంతో నేను మాట్లాడితే? జరిగింది చెప్తే?”

“చెప్పు. పొయ్యి చెప్పు. నేనేమీ అనుకోను.” గొడుగును మెట్టుకు ఆనించింది. “అనుకుంటా. అయినా చెప్పు.”

నేను నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు. ఆవిడ నవ్వలేదు.

“నాకు ఓడ కాగితాలు తెలీవు. ఉత్తరాలు రాయలేను. నువ్వు లేకుంటే నేను ఒక నెల నిలవలేను, అది నాకు తెల్సు. నాకింద పని చేస్తావా? ఇది కూడా ఒక్కమాటే అడుగుతా.”

ఏంబలం బస్సు మలుపు తిరిగి కనిపించింది. ఆవిడ లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నా ముఖంలోకే చూస్తూ నిలబడింది. నా నోటికి అలవాటైన వాక్యాలు చాలా వచ్చాయి. చూద్దాంలే అక్కా, ఇప్పుడే ఏముంది, నీకంటే ఎక్కువా నాకు, ఇలాంటివి. ఒక్కటీ అనలేకపోయాను. వాటిలో ఏది అంటే ఆవిడ ఏమని అర్థం చేసుకుంటుందో, నేను ఏమని అర్థం చేసుకోమంటున్నానో నాకే తెలియలేదు.

“చేస్తా,” అన్నాను.

“సరి,” అని ఆవిడ బస్సెక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కదిలేదాకా నా వైపు చూడలేదు. కదిలాక చెయ్యి ఊపింది.

ఇంటికి వెళ్ళి, ఉద్యోగానికి ఢోకా లేదని చెప్పాను. అమ్మ దేవుడి పటం ముందు దీపం పెట్టింది. నాన్న, ఏం తాగించినారు అని అడిగి, నిమ్మరసం అని విని, అటు తిరిగి పడుకున్నాడు. మేనేజరు సంగతి చెప్పలేదు. మరుసటి సోమవారం మదాంతో మాట్లాడాలని ఒక వాక్యం సిద్ధం చేసుకున్నాను. మేడ మెట్లు ఎక్కేసరికి మదాం, అక్క నేల మీద గుడ్డ పరిచి, వంగి కొలుస్తూ ఉన్నారు. నన్ను చూసి టేపు అవతలి కొస పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. ఆ వాక్యాన్ని ఎవరికీ చెప్పలేదు. మదాంకు ఇప్పటికీ తెలియదు. తెలిస్తే ఆమె ఏమనేదో ఎన్నోసార్లు ఊహించబోయాను. ప్రతిసారీ వేరే జవాబు వస్తుంది.

జనవరిలో మదాం ఫ్రాన్సు వెళ్ళిపోయింది. ఏంబలం అక్క మేనేజరయింది. నా ఉద్యోగం, నా జీతం, నా బల్ల అలాగే ఉన్నాయి. ఆఫీసు తాళాలు మాత్రం సాయంత్రం ఆవిడతో ఏంబలం వెళ్ళి, పొద్దున బస్సులో తిరిగి వచ్చేవి. ముందుగా చేరుకున్న రోజుల్లో నేను ఆ బస్సు వచ్చేదాకా గుమ్మం బయట నిలబడి ఉండేవాణ్ణి.